తాతగారి ఉస్తరా మూస్తే ఒక పక్కకి తాకుతోంది, కత్తిని వంచి సరిచేయొచ్చా?

చిక్కడపల్లి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మా తాతగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారు. ఆయన గడ్డం గీసుకున్న మడత కత్తి, మన సిటీలో పాతవాళ్లు ఉస్తరా అంటారు కదా, అది మొన్న ఇల్లు మారుతుంటే ట్రంకు పెట్టె అడుగున దొరికింది. కత్తి తోక మీద, అంటే పిడికి రివిట్‌తో బిగించిన చివర, సోలింజెన్, జర్మనీ అని అచ్చు ఉంది. కొబ్బరినూనె రాసి పాత లుంగీ గుడ్డలో చుట్టి పెట్టారు కాబట్టి తుప్పు పెద్దగా పట్టలేదు. నల్లటి పిడి, రెండు పలకలు, రెండు ఇత్తడి రివిట్లు.

సమస్య ఏంటంటే, మూసినప్పుడు కత్తి రెండు పలకల మధ్యకి రావడం లేదు. తోక మీద పేరు ఉన్న వైపు పలకకి ఆనుకుపోతోంది. బల్ల మీద పెట్టి మూస్తే అంచు పలకకి తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. లోపలివైపు సన్నటి గీత కూడా పడింది. ఇలా రోజూ తగిలితే పదును పోతుంది కదా?

మా వీధిలో సెలూన్ ఆయనకి చూపించాను. ఆయన నవ్వి, "ఇప్పుడు మేమంతా బ్లేడుని సగానికి విరిచి ఇరికించే కత్తులే వాడుతున్నాం తమ్ముడూ, ఇవి చూసి ఎన్నేళ్లయిందో" అన్నారు. ఒక వీడియోలో మాత్రం కత్తిని వైస్‌లో బిగించి మెల్లగా అవతలి వైపుకి వంచుతున్నాడు. శనివారం రాణీగంజ్ వెళ్లి చిన్న వైస్ కొందామనుకుంటున్నాను. ఎవరైనా ఇలా చేశారా? తాతగారిది ఇదొక్కటే మిగిలింది, కాస్త టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి బ్రో:

వైస్ దండగ బ్రో. పిడిని గ్యాస్ స్టవ్ మీద కాస్త వేడి చేసి, మెత్తబడగానే వంచెయ్. నా కళ్లజోడు ఫ్రేమ్ అలాగే సరిచేసుకున్నా. రెండు నిమిషాల పని.

రిటైర్డ్ ఫిట్టర్:

బాబూ, రాణీగంజ్ వెళ్తే వెళ్లు గానీ వైస్ కొనకు. పైన స్టవ్ సలహా ఇచ్చిన అబ్బాయి సంగతి తర్వాత చెబుతాను.

నేను టూల్‌రూమ్‌లో 34 ఏళ్లు ఫిట్టర్‌గా చేశాను. రిటైరయ్యాక గురువారం జుమ్మేరాత్ బజారు, ఆదివారం ఎర్రగడ్డ సంత, ఇదే నా తీర్థయాత్ర. ఇంట్లో ఇలాంటి కత్తులు 11 ఉన్నాయి. పన్నెండోది ఎందుకు లేదో చెబుతా విను. షెఫీల్డ్ కత్తి, వెడల్పాటిది, 150 రూపాయలకి దొరికింది. కొస కాస్త పక్కకి తిరిగి ఉంది. జన్మంతా ఇనుముతో కుస్తీ పట్టినవాణ్ని, ఇదో లెక్కా అనుకుని వైస్‌లో రాగి రేకులు అడ్డం పెట్టి బిగించి చేత్తో వత్తాను. వంగలేదు. ఇంకాస్త వత్తాను. టిక్కుమంది. ఎగిరిపోయిన ముక్క మర్నాడు మా ఆవిడ ఊడుస్తుంటే మంచం కింద దొరికింది. కంట్లో పడకపోవడం నా అదృష్టం. తర్వాత వారం రోజులు నేను ఏ పనిముట్టు ముట్టుకున్నా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి నిలబడేది.

ఆ ఉక్కులో కర్బనం సుమారు 1 శాతం ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచి గట్టిపరుస్తారు. అలా గట్టిపడ్డాకే ఆ సన్నటి అంచు నిలుస్తుంది. కానీ ఆ గట్టితనంతోనే పెళుసుతనం కూడా వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వంచితే విరుగుతుంది. వేడి చేసి వంచుదామంటే నీలం రంగు తిరిగేసరికి, అంటే 300 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి, గట్టితనం దిగిపోయి పదును నిలవదు. ఎటు చూసినా నష్టమే. వీడియోలో వంచినవాడు విరిగిన కత్తుల వీడియో పెట్టడు కదా.

ఇక స్టవ్. పాత పిడుల్లో చాలావరకు సెల్యులాయిడ్‌వి. నైట్రోసెల్యులోజుకి కర్పూరం కలిపి చేసిన సరుకది. పాత రోజుల్లో సినిమా రీళ్లు కూడా ఆ జాతివే, అందుకే ప్రొజెక్టర్ గదులు తగలబడేవి. మంట చూపిస్తే భగ్గుమంటుంది. నీ పిడి ఏదో తెలియాలంటే బొటనవేలితో వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడు. హారతి కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, స్టవ్ ఉన్న గదిలోకి కూడా తీసుకెళ్లకు. వాసన లేకుండా, వెలుతురుకి పెడితే లోపల సన్నటి చారలు కనిపిస్తే కొమ్ము కావచ్చు. కొమ్ము వేడినీళ్లకి మెత్తబడుతుంది, పలక వంకరైతే అలా సరిచేసుకోవచ్చు. కానీ తొందరపడకు. ముందు వంకర ఎక్కడుందో తేలాలి.

నడిమికి రాని కత్తిలో మూడు చోట్ల తప్పు ఉండొచ్చు: కత్తిలో, పిడిలో, రివిట్‌లో. నేను చూసినవాటిలో కత్తి తప్పు బాగా తక్కువ. కనిపెట్టే పద్ధతి సులువు. కత్తి అంచుకి టేపు వేసుకో. పక్కకి వాలకుండా, వెన్ను పైకి ఉండేలా నిటారుగా పట్టుకుని మూసి చూడు, ఏ వైపుకి ఉందో గుర్తుపెట్టుకో. ఇప్పుడు కత్తి, పిడి ఒకే గీతలోకి వచ్చేలా పూర్తిగా తెరువు. పైనుంచి చూడు. పిడి గీతకి కత్తి ఏ వైపుకి ఉంది? మూసినప్పుడు పేరు వైపుకి ఉన్నది, తెరిచినప్పుడు రెండో వైపుకి మారితే పిడి వంకరో, రివిట్ ఏటవాలుగా ఉండటమో అయుంటుంది. తెరిచినా మూసినా పేరు వైపుకే ఉంటే తప్పు కత్తిలో ఉన్నట్టు. నువ్వే కాగితం మీద గీసుకుని చూడు, అర్థమవుతుంది.

రివిట్ లూజుగా ఉంటే ముందు దాన్ని బిగించాలి, లేకపోతే ఏ పరీక్షా నమ్మకం కాదు. 100 గ్రాముల బాల్‌పీన్ సుత్తి, అదే ఒక పక్క గుండ్రంగా ఉండేది, ఒకటి తెచ్చుకో, ఎలా కొట్టాలో చెబుతా.

నాంపల్లి నుంచి:

మాది తరతరాలుగా క్షౌరవృత్తి కుటుంబం. మా తాత పెట్టెలో ఇలాంటివి నాలుగు ఉండేవి. వాటిలో ఒకటి ఇలాగే పక్కకి ఉండేది. ఆయన దాన్ని ఎప్పుడూ రిపేరు చేయలేదు. మూసేటప్పుడు పిడి నడుమ రెండు వైపులా బొటనవేలు, చూపుడువేలు పెట్టి, తగిలే వైపు పలకని కొంచెం బయటికి నెట్టి మూసేవాడు. చేతికి అలవాటైపోయింది. ఆ కత్తి వేరేవాళ్లకి ఇచ్చేవాడు కాదు, ఇస్తే పదును పాడుచేసి తెస్తారని. నలభై ఏళ్లు అలాగే నడిచింది. వంకరున్నా గడ్డానికి తెలియదు కదా అన్నా, అంచు పలకకి తగలకపోతే చాలు.

రిటైర్డ్ ఫిట్టర్:

నాంపల్లి బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. తగలకపోతే వదిలెయ్. చేత్తో నూరి తయారుచేసిన పాత కత్తుల్లో గీత గీసినట్టు మధ్యలో కూర్చునేవి తక్కువే. నీది తగులుతోంది కాబట్టి చేయాల్సి వస్తోంది.

చిక్కడపల్లి కుర్రాడు:

చాలా థాంక్స్ సర్. వైస్ కొనలేదు. సుత్తి కూడా ఇంకా కొనలేదు, శనివారం వాన వల్ల రాణీగంజ్ వెళ్లలేకపోయాను.

పిడి రుద్ది చూశాను, కర్పూరం వాసన లేదు. కిటికీ దగ్గర పెడితే ఒక మూల తేనె రంగు చార కనిపించింది. కొమ్మే అనుకుంటా.

పరీక్ష చేశాను సర్. భయపడిందే జరిగింది. మూసినా పేరు వైపే, తెరిచినా పేరు వైపే. ఐదుసార్లు చూశాను. అంటే కత్తే వంగిందన్నమాట. ఇంక చేసేదేమీ లేదా? షోకేసులో పెట్టుకోవాల్సిందేనా?

కూకట్‌పల్లి బ్రో:

సారీ బ్రో, సెల్యులాయిడ్ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో పాత దువ్వెన ఒకటి రుద్ది చూశా, నిజంగానే కర్పూరం వాసన!

రిటైర్డ్ ఫిట్టర్:

ఆగు బాబూ. నిన్న రాత్రి నీ మెసేజ్ చదివి పడుకున్నాక నాకే అనుమానం వచ్చింది. నేను చెప్పిన పరీక్షలో ఒక కంత ఉంది. కత్తి వంగినా ఒకే వైపు కనిపిస్తుంది, నిజమే. కానీ కత్తి వంగకుండా, మొత్తానికి మొత్తం పక్కకి జరిగి ఉన్నా ఒకే వైపే కనిపిస్తుంది. తలుపు వంకరైతే వేరు, తలుపు చట్రంలో ఒక పక్కకి జరిగి ఉంటే వేరు. నేను ఆ రెండూ కలిపేశాను. వయసు.

తేడా తెలుసుకోవడానికి ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నటి రేకులు, నీ దగ్గర ఉండవు. ప్రింటర్‌లో వేసే ఏ4 కాగితం ఉంటుంది. మామూలు 80 జీఎస్ఎం కాగితం ఒక్కోటి సుమారు 0.1 మిల్లీమీటరు మందం. సన్నటి పట్టీలుగా కత్తిరించుకో. కత్తి మూసి, అదే నిటారుగా పట్టుకుని, పిడి కింది సందులోంచి అంచుకీ పలకకీ మధ్య ఎన్ని పట్టీలు పడతాయో లెక్కపెట్టు. పేరు వైపు ఎన్ని, వెనక వైపు ఎన్ని. తోక దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి, కొస దగ్గర ఒకసారి. బలవంతంగా దూర్చకు. వేళ్లు జాగ్రత్త, అక్కడ అంచు నీ వైపే చూస్తూ ఉంటుంది.

వంగిన కత్తయితే తోక దగ్గర తేడా తక్కువగా ఉండి కొసకి పోయేకొద్దీ పెరగాలి. పక్కకి జరిగిన కత్తయితే తేడా మూడు చోట్లా ఒకటే ఉండాలి. ఇంకోటి, టార్చి వేసి రివిట్ దగ్గర తోకకీ పలకకీ మధ్య చూడు. అక్కడ చిన్న ఇత్తడి వాషర్లు ఉన్నాయా? రెండు వైపులా ఉన్నాయా?

సుత్తి కొననందుకు సంతోషం. ఇప్పుడు నా మాట విని రివిట్ బిగించి ఉంటే పని రెట్టింపయ్యేది.

చిక్కడపల్లి కుర్రాడు:

సర్!! ఆఫీసు నుంచి రాగానే చూశాను.

తోక దగ్గర పేరు వైపు 14 పట్టీలు, వెనక వైపు 22. నడుమ 10, 18. కొస దగ్గర 2, 10 (ఇక్కడ ఒకటి అటూ ఇటూ ఉండొచ్చు, నాలుగు పట్టీలు అంచుకి తగిలి తెగిపోయాయి, పదును బాగానే ఉందన్నమాట). తేడా అన్నిచోట్లా 8!

టార్చి వేసి చూస్తే వెనక వైపు పచ్చగా ఒక వాషర్ మెరుస్తోంది. పేరు వైపు ఏమీ లేదు. అటు తోక నేరుగా పలకకి ఆని ఉంది. రివిట్ దగ్గర కత్తి కొద్దిగా అటూ ఇటూ ఆడుతోంది కూడా.

రిటైర్డ్ ఫిట్టర్:

అదీ సంగతి. నీ కత్తికి ఏ రోగమూ లేదు. ఎప్పుడో ఎవరో రివిట్ మార్చినప్పుడు ఒక వాషర్ వేయడం మర్చిపోయారు, లేదా అరిగి విరిగి రాలిపోయింది. ఉన్న వాషర్ కత్తిని పేరు వైపుకి తోస్తోంది, లేని చోట ఖాళీ ఏర్పడి కత్తి అటు వాలుతోంది. జరగడం కొంత, వాలడం కొంత, రెండూ కలిసి కొస దగ్గర తగులుతోంది. ఎందుకంటే పిడి ఆ చివరకి సన్నబడుతుంది, అక్కడ సందు తక్కువ.

లెక్క చూడు. తేడా 8 పట్టీలు, అంటే 0.8 మిల్లీమీటర్లు. అందులో సగం ఉన్న వాషర్ మందం, సగం ఖాళీ అనుకుందాం. ఆ ఖాళీలో 0.4 మందం ఉన్నదేదైనా పెడితే కత్తి నడిమికి వస్తుంది. పద్ధతి ప్రకారం రివిట్ తల ఆకురాయితో అరగదీసి, తోసేసి, రెండు కొత్త ఇత్తడి వాషర్లు వేసి, 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీతో కొత్త రివిట్ కొట్టాలి. మొదటిసారి చేసేవాడు కొమ్ము పలకని చీల్చుతాడు. నేను మొదటి రెండు చీల్చాను. నీకు ఆ అవసరం లేదు.

ఇంట్లో పాత ఎక్స్‌రే ఉందా? ఆ ఫిల్మ్ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చిరగదు, తుప్పు పట్టదు, జారుడుగా కూడా ఉంటుంది. ఆఫీసులో కాగితాలకి బెజ్జం కొట్టే పంచింగ్ మెషిన్‌తో దానికి బెజ్జం కొట్టు. మనకి కావలసింది ఆ బెజ్జం కాదు, ఊడిపడే బిళ్ల. సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటుంది, వాషర్‌గా సరిపోతుంది. రెండు బిళ్లలు చేసుకో. కాల్చిన సూదితో నడుమ రివిట్ పట్టేంత బెజ్జం చెయ్. ఒక పక్క బ్లేడుతో నడిమిదాకా చీల్చు, గుర్రపు లాడంలా తెరుచుకునేట్టు. రివిట్ దగ్గర ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, చిమటాతో ఆ సందులోకి ఒక్కొక్కటీ దూర్చు. రెండింటి చీలికలూ ఒకే వైపుకి రాకుండా చూసుకో.

తర్వాత కత్తి తెరిచి మూసి చూడు. ఇంకా ఆడుతుంటే అప్పుడు సుత్తి. ఇంట్లో కిరాణా తూకం రాయి ఉంటే దాన్ని దిమ్మెగా పెట్టుకో, కిలోది చాలు. ఒక రివిట్ తల దాని మీద ఆనించి రెండో తల చుట్టూ అంచులమీద కొట్టు, నడినెత్తిన కాదు. పెద్దగా చప్పుడు వస్తే గట్టిగా కొడుతున్నావని అర్థం. నాలుగు దెబ్బలు, తిప్పు, నాలుగు దెబ్బలు, చూడు. పిడి అడ్డంగా పట్టుకుంటే కత్తి దాని బరువుకి అదే జారి తెరుచుకోకూడదు, వేలితో తీస్తే సాఫీగా రావాలి. అక్కడ ఆపెయ్. ఇంకొక్క దెబ్బ వేద్దామనిపిస్తుంది, ఆ ఒక్క దెబ్బకే కొమ్ము పగులుతుంది.

ఈ పని చేస్తున్నంతసేపూ అంచుకి టేపు ఉండాలి. ఇది అడగడం కాదు, చెప్పడం.

నాంపల్లి నుంచి:

ఎక్స్‌రే ఫిల్మ్ ఐడియా అదిరింది పెద్దాయనా. మా తాత అయితే సిగరెట్ పెట్టెలో రేకు మడిచి పెట్టేవాడు.

చిక్కడపల్లి కుర్రాడు:

అయిపోయింది సర్! రెండో బిళ్ల దూర్చడానికే గంట పట్టింది. మూడు బిళ్లలు ఎగిరి ఎక్కడో పడ్డాయి. సుత్తి రాణీగంజ్ దాకా వెళ్లకుండానే మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో దొరికింది. తూకం రాయి కింది ఫ్లాట్ ఆంటీ ఇచ్చారు. మొత్తం పన్నెండు దెబ్బలు కొట్టి భయమేసి ఆపేశాను.

మళ్లీ పట్టీలతో కొలిచాను. కొస దగ్గర ఇప్పుడు పేరు వైపు 5, వెనక వైపు 7. సరిగ్గా నడిమికి రాలేదు గానీ ఎలా మూసినా తగలడం లేదు. ఇంకో బిళ్ల వేయమంటారా?

రిటైర్డ్ ఫిట్టర్:

వేయకు. రెండు పట్టీల తేడా నా 11 కత్తుల్లో తొమ్మిదింటికి ఉంది. నువ్వు కొట్టని ఆ పదమూడో దెబ్బకి నా శెభాష్.

ఇక పదును. అంచు ఇన్నాళ్లూ పలకకి తగిలిందిగా, కొస దగ్గర మొద్దుబారి ఉంటుంది. 8000 గ్రిట్ రాయి, అంటే బాగా నున్నటి సానరాయి మీద వెన్ను, అంచు రెండూ ఆనించి నూరి, తర్వాత తోలు పట్టీ మీద ఓ యాభైసార్లు. పట్టీ మీద మాత్రం వెన్ను ముందు పోవాలి, అంచు వెనక. తిరగేశావా, పట్టీ తెగుతుంది. కొబ్బరినూనె ఇక వద్దు, చలికాలంలో గడ్డకట్టి రివిట్‌లో జిగురులా పేరుకుంటుంది. కుట్టుమిషన్ నూనె రాయి. కొమ్ముకి మాత్రం అప్పుడప్పుడూ కొంచెం నూనె పట్టిస్తూ ఉండు, పెట్టెలో పడేసి మర్చిపోతే పురుగు తింటుంది.

చిక్కడపల్లి కుర్రాడు:

అలాగే సర్. ఇంట్లో మాత్రం చిన్న గొడవ నడుస్తోంది. ఆ ఎక్స్‌రే అమ్మ మోకాలిది, రెండేళ్ల కిందటిది, పనికిరాదులే అనుకుని ఓ మూల కత్తిరించాను. నిన్న డాక్టర్ దగ్గరికి వెళ్తే పాతది కూడా తెమ్మన్నారట.

రిటైర్డ్ ఫిట్టర్:

మూలే కదా, ఎముక బాగానే కనిపిస్తుంది, ఏం కాదు. పేరూ తేదీ ఉన్న మూల కాదు కదా?

చిక్కడపల్లి కుర్రాడు:

ఆ మూలే సర్.